బాతులు కాపురమున్న నెల

నార్వే పడమటి తీరాన
పటంలో ఈగ వాలినంత దీవి మాది.
మే మొదట్లో మా నాన్న ఐలిఫ్
పుంజును గోనెసంచిలో వేసి పడవెక్కించేవాడు.
అవతలి దీవిలో మేనత్త ఇంట దానికి రెణ్ణెల్ల మకాం.
పడవ సగం దూరం పోయేదాకా
సంచిలోంచి కూత వినబడుతూనే ఉండేది,
తిట్టినట్టు.

ఆవు దాగ్రోస్ మెడగంటలో ఉన్ని కుక్కేవాళ్ళం.
తలుపు బందులకు చేపనూనె.
కుక్క బామ్సెను కొట్టం వెనక కట్టేసి
పక్కన తమ్ముడు యూస్తైన్‌ను కూర్చోబెట్టేవాళ్ళు,
ఎవరికి ఎవరు కాపలానో చెప్పకుండా.

అప్పుడొచ్చేవి సముద్రంలోంచి ఈడర్ బాతులు.
గోధుమరంగు పెట్ట ముందు, తెల్లకోటు మగడు వెనక,
అద్దె ఇల్లు వెతుక్కునే దంపతుల్లా
గూడు గూడూ తొంగి చూసుకుంటూ.
రాళ్ళు పేర్చిన బుల్లి అరలు,
బోర్లించిన పాత పడవ, మా మెట్ల కింది ఖాళీ,
అన్నిట్లో నాయనమ్మ ముందే పరిచిన ఎండు నాచు.
నా పక్క ఎన్నడూ ఇంత శ్రద్ధగా పరవలేదే అమ్మా,
అనేవాడు నాన్న. గుసగుసగానే.

నాయనమ్మ బోర్గిల్‌కి ఆ నెలంతా ఒకటే బూడిదరంగు గౌను.
రంగు మారితే బాతులు గుర్తుపట్టక లేచిపోతాయట.
ఎర్ర దుప్పటి ఆరేస్తే నేరం.
సుత్తి పట్టుకుంటే నేరం.
తుమ్మొస్తే దిండు.

ఆ ఏడు మాత్రం మా ఇంట్లో సిగ్నే ఉంది.
పుట్టి ఆరు వారాలు. కడుపునొప్పి పిల్ల.
పదకొండింటికి కిటికీలో ఎండ,
మూడింటికల్లా మళ్ళీ ఎండ,
ఇది రాత్రి అని దానికి ఎలా చెప్పడం?
గుక్కపట్టేది.
అమ్మ రాగ్నా దాన్ని భుజానేసుకుని
దీవి కొస దాకా నడిచేది, గొర్రెలు మేసే రాళ్ళ దాకా.
గొర్రెలు తలెత్తి చూసి మళ్ళీ మేతలో పడేవి.
పిల్లల ఏడుపు వాటికి కొత్తా?

నాయనమ్మ గూళ్ళు లెక్కపెట్టేది.
నలభై మూడు. నలభై ఒకటి.
ముప్పై ఎనిమిది.
ఏమీ అనేది కాదు.
అనకపోవడం ఆ నెలలో అందరి పనీ.
ఆమె అనకపోవడం వేరు,
అమ్మకు తెలిసేది.

ఒక రాత్రి వాన.
తిరిగేందుకు వీల్లేక అమ్మ గడపముందు మెట్లమీదే,
చూరు కింద, కూలబడింది.
ఆమె కింద, చెక్కకు అటువైపు,
ఐదు గుడ్లమీద ఒక పెట్ట.
సిగ్నే ఏడ్చింది, ఒళ్ళంతా నోరు చేసుకుని.
నేను మెట్ల సందులోంచి చూశాను.
పెట్ట మెడ కాస్త పక్కకు తిప్పింది,
కడుపు కింద ఏదో సర్దుకుంది,
కళ్ళు మూసుకుంది.

ఎప్పుడొచ్చిందో, నాయనమ్మ నా పక్కనే
బోర్లా పడుకుని చూస్తోంది.
డెబ్భై రెండేళ్ళ మనిషి, తడిగడ్డిలో.
చాలాసేపు.
తర్వాత లేచి, గౌనుకంటిన గడ్డి దులుపుకుని
అమ్మ చేతుల్లోంచి సిగ్నేను అందుకుంది.
"పో, పడుకో."
గుసగుసగా కాదు.
మామూలు గొంతుతో.

జూన్ చివర ఒక ఉదయం అంతా వరసకట్టి నీళ్ళలోకి.
మెట్లకింది పెట్ట వెనక నాలుగు పిల్లలు.
ఐదో గుడ్డు చల్లగా ఉండిపోయింది.
వదిలిపోయిన నూగు ఏరాం.
అరచేతిలో బరువు లేదు, వేడి మాత్రం ఉంది.
అరవై గూళ్ళయితే ఒక దుప్పటి.
ముప్పై ఎనిమిదికి ఎంతో ఎవరూ అడగలేదు.

"ఇక అరవచ్చా?" యూస్తైన్ చెవిలో అడిగాడు.
"అరుచుకో."
బండెక్కి నోరు తెరిచాడు.
ఏం అరవాలో తోచలేదు.
చివరికి బామ్సెను పిలిచాడు,
అది వాడి కాళ్ళ దగ్గరే ఉంది.

సాయంత్రం పడవలో పుంజు దిగింది, లావెక్కి.
సంచి విప్పగానే రెక్కలు విదిల్చి, ఛాతీ పొంగించి
గొంతు సవరించుకుంది.
ఊయల్లో సిగ్నే అప్పుడే కునుకు తీస్తోంది.
మేమంతా ఒక్కసారే
పుంజు వైపు తిరిగాం,
పెదవులమీద వేళ్ళు పెట్టుకుని.